గెలిచినవాళ్లే పేర్చాలి

చెంగ్దూ,
మార్చి 3, 1991

నా పడవ మెకానిక్కి,

నీ ఉత్తరం నిన్న ప్రెస్సుకే వచ్చింది. అచ్చు అక్షరాల అరల ముందు నిలబడి, సిరా చేతులతోనే విప్పి చదివాను. నవ్వాలో తల కొట్టుకోవాలో తెలియలేదు. పదిహేనో తేదీన మీ పడవ లూజౌ రేవుకి వెళ్తోంది, ఇంజను పని అయ్యాక రెండు రోజులు ఖాళీ, "ఎలాగూ మీ ఊరే కదా, మీ నాన్నగారిని కలిసి పెళ్లి మాట అడిగేస్తాను" అని రాశావు. వచ్చేదారిలో కూరలు కొనుక్కొస్తానన్నంత తేలిగ్గా రాశావు. నేనా, రాలేను. కొత్త పాఠ్యపుస్తకాల పని నెత్తిమీద ఉంది, మా ఫోర్మన్ పెళ్లికే సెలవిస్తాడో లేదో, పెళ్లి మాటలకి అసలే ఇవ్వడు. కాబట్టి ఒంటరిగా వెళ్తావు. ఒంటరిగా వెళ్లేవాడివి ఏం ఎదురవుతుందో తెలుసుకుని వెళ్లు.

మా నాన్న మెంగ్ యోంగ్‌తాయ్ ముప్పై ఏళ్లుగా ఉప్పు దుకాణంలో కాటా దగ్గర ఉన్నాడు. తక్కువ తూచడు, ఎక్కువ మాట్లాడడు. నువ్వు పరాయి ఊరివాడివి, నీళ్లమీద బతికేవాడివి, ఈ రెండూ ఆయనకి గిట్టవు. అయినా వాటి గురించి అడగడు. జీతమెంత, ఇల్లుందా అని కూడా అడగడు. మన చైనా చదరంగం బల్ల ముందు కూర్చోబెడతాడు. మా పిన్ని కూతురికి ఒక సంబంధం వస్తే ఆ అబ్బాయితో అయిదెత్తులు ఆడి, ఇంటికొచ్చి, "వీడు బంట్ల వెనకాల పరిగెత్తుతాడు, ఇంటి పట్టున ఉండడు" అన్నాడు. ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడో వాళ్లావిడకే తెలియదు. అదన్నమాట సంగతి.

నీకు పావులు ఎలా నడుస్తాయో మాత్రం తెలుసు. ఈత పుస్తకం చదివి నదిలో దూకేవాడి తెలివి అది. మొదటి మూడు ఎత్తులు నేర్చుకుంటే చాలు, ఆ తర్వాత ఎలాగూ ఓడిపోతావు. ఓడిపోతే నాన్న ఏమీ అనుకోడు. ఎలా మొదలుపెట్టావన్నదే చూస్తాడు.

నది ఒడ్డున టీ దుకాణానికి తీసుకెళ్తాడు. నీకు ఎరుపు పావులిస్తాడు, మొదటి ఎత్తు ఎరుపుదే. తన గుర్రం ఒకటి పక్కన పెట్టి ఆడతానంటాడు. అది అవమానం కాదు, కొత్తవాడికిచ్చే మర్యాద. సరేనను. ఇక్కడే ఒక ఆపద ఉంది, జాగ్రత్తగా విను. ఫిరంగి మధ్యలో ఒక పావుంటే దాని మీదుగా ఎగిరి అవతలిదాన్ని కొడుతుంది కదా. ఆట మొదలవకముందే నీ ఫిరంగికి ఎదురుగా వాళ్ల ఫిరంగి, దాని వెనక వాళ్ల గుర్రం ఒకే వరసలో ఉంటాయి. కొత్తవాడికి ఆ గుర్రాన్ని చూడగానే నోరూరుతుంది. మొదటి ఎత్తుకే వెళ్లి కొట్టేస్తాడు. మూలనున్న రథం పక్కకి ఒక్క అడుగేసి ఆ ఫిరంగిని మింగేస్తుంది. గుర్రానికి ఫిరంగి, చెల్లుకు చెల్లు అనుకుంటావు. కాదు. ఆట మొదట్లో బల్లనిండా పావులుంటాయి, ఫిరంగికి ఎక్కడ చూసినా ఎగరడానికి మెట్లే. అప్పుడు దాని విలువ గుర్రం కన్నా ఎక్కువ. పైగా వాళ్ల రథానికి నువ్వే తలుపు తీసిపెట్టావు. మా ఊళ్లో ఆ ఎత్తు వేసినవాణ్ణి గుర్రాల దొంగ అంటారు. ఆ పేరు పదేళ్లయినా పోదు. చచ్చినా ఆ ఎత్తు వేయకు.

ఫిరంగిని నడిమి గీత మీదికి జరుపు. అక్కణ్ణించి వాళ్ల నడిమి బంటుకీ, దాని వెనక, పట్టుబడితే ఆటే పోయే సేనానికీ గురిపెట్టినట్టవుతుంది. వాళ్లు గుర్రాన్ని గెంతించి ఆ బంటుకి కాపలా పెడతారు. నువ్వూ ఫిరంగి లేచిన పక్కనున్న గుర్రాన్ని ముందుకి గెంతించు. ఇప్పుడు మూలనున్న రథానికి పక్క చోటు ఖాళీ అయింది. అందులోకి జరిపితే దాని ముందు దారంతా తెరుచుకుంటుంది. "ఫిరంగి నడిమికి, గుర్రం గెంతు, మూడో ఎత్తుకి రథం గడప దాటాలి. దాటలేదా, ఇక ఓడిపోవడమొక్కటే మిగిలింది" అనేవాడు నాన్న. రథం కన్నా బలమైన పావు లేదు. దాన్ని మూలన కూర్చోబెట్టి బంట్లతో యుద్ధం చేసేవాడు ఇంట్లో బియ్యం పెట్టుకుని పస్తుండేవాడితో సమానం.

గుర్రం విషయం ఇంకొకటి. ముందు చోటులో ఏ పావున్నా గుర్రం అటు గెంతలేదు. గెంతించిన గుర్రానికి నీ సొంత బంటే అడ్డం. ఆ బంటుని ఒక అడుగు ముందుకి లేపితేనే దారి. మా ఇంట్లో ఒక పసుపుపచ్చ పిల్లి ఉండేది, ఎప్పుడూ గడపలోనే పడుకునేది. నాన్న భుజాన ఉప్పు బస్తాతో వచ్చినా సరే, దాన్ని దాటేవాడు కాదు, తన్నేవాడు కాదు, లేచేదాకా నిలబడేవాడు. అందుకని నా గుర్రం ఇరుక్కున్నప్పుడల్లా "గడపలో పిల్లి పడుకుంది" అనేవాడు. అంతే, ఇంకో మాట చెప్పేవాడు కాదు. నేనే పిల్లిని లేపుకోవాలి.

ఒకే పావుని ఊరికే రెండుసార్లు కదపకు. ముట్టుకున్న పావుని ఆడి తీరాలి. పక్కన కూర్చునే పూ మామ మంగలి, నీ ఎత్తులన్నీ తనే చెప్పాలని చూస్తాడు, పట్టించుకోకు. చూసేవాళ్లు నోరు విప్పకూడదని గోడమీద రాసి ఉంటుంది, ఆయన దానికే వీపు ఆనించి కూర్చుంటాడు. ఓడిపోయాక బల్ల ముట్టుకోకు. గెలిచినవాళ్లే మళ్లీ పావులు పేర్చాలి, ఎరుపు ఓడినవాళ్లకివ్వాలి. "ఇంకొక్క ఆట" అని ఓడినవాడు బతిమాలడం మా ఊళ్లో సిగ్గుమాలిన పని. చివరి మాట, సారా పుట్టిన ఊరికి సారా సీసాలు మోసుకెళ్లకు. అమ్మకి మీ చోంగ్‌చింగ్ ఆవకూర ఊరగాయ తీసుకెళ్లు.

నీ
యాలిన్


చెంగ్దూ,
మార్చి 10

తింగ్షాన్,

మూడు ఎత్తులూ కంఠతా వచ్చాయని, పడవలో నట్లూ బోల్టులూ పేర్చుకుని సాధన చేస్తున్నావని రాశావు. సంతోషం. కానీ చివర ఒక మాట అడిగావు. "ఇన్ని తెలిసినదానివి, ఈ నాలుగేళ్లలో నాతో ఒక్క ఆటైనా ఎందుకు ఆడలేదు? మీ ప్రెస్సు చదరంగం జట్టులోకి రమ్మన్నా వెళ్లలేదట, ఎందుకు?" రెండు రోజులు నీ ఉత్తరం జేబులో పెట్టుకు తిరిగాను. అబద్ధం రాద్దామనుకున్నాను. పెళ్లికి ముందే అబద్ధమెందుకని ఇది రాస్తున్నాను.

నాకు ఆరేళ్లప్పుడు నాన్న ఆట నేర్పాడు. దుకాణం మూసి వచ్చి, కాళ్లు కడుక్కుని, బీరువా మీదనుంచి చెక్కపెట్టె దించేవాడు. అందులో నల్ల బంటు ఒకటి పోయింది. అమ్మ దూది కోటుకున్న నల్ల బొత్తాం తెంపి దాని బదులు వాడేవాళ్లం. అమ్మ తిట్టేది, మేం వినేవాళ్లం కాదు. ఎనిమిదేళ్లు ఆడాం. ప్రతిసారీ నాన్న తన గుర్రం ఒకటి తీసేవాడు. ప్రతిసారీ నేనే ఓడేదాన్ని. ఆయనే పావులు పేర్చి ఎరుపు నాకిచ్చేవాడు. నేను మంచి ఎత్తు వేస్తే "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" కోసం బడిలో పాఠం వినడం మానేసి ఎత్తులు ఆలోచించేదాన్ని. నా చిన్నతనంలో అంతకంటే సంతోషం నాకు ఇంకేదీ లేదు.

పద్నాలుగో ఏట ఒక ఆదివారం నన్ను టీ దుకాణానికి తీసుకెళ్లాడు. పెట్టె బల్లమీద పెట్టి, పూ మామకి వినపడేలా గట్టిగా, "ఇవాళ గుర్రం తీయను" అన్నాడు. గంటన్నర ఆడాం. చుట్టూ ఇరవైమంది మూగారు. నా రథం, ఫిరంగి కలిసి ఆయన సేనానిని మూలకి తోశాయి. నాన్న చాలాసేపు బల్లకేసి చూసి, అరచెయ్యి బోర్లించి పెట్టాడు. ఓడిపోయానని చెప్పడం అది.  అప్పుడు పూ మామ అరిచాడు.

"ఏవయ్యా యోంగ్‌తాయ్! ఊరందరికీ ఉప్పు తూస్తావు, నీ కూతురు నిన్నే తూచేసింది కదయ్యా!"

దుకాణం దద్దరిల్లేలా నవ్వారు. నాన్న చెవులు ఎర్రబడిపోయాయి. నా వంక చూడలేదు. ఆ ఒక్క "ఊఁ" కూడా అనలేదు. ఊరందరి ముందు నాన్న పరువు తీశానని నాకు చేతులు వణికాయి. ఇంకా అక్కడే ఉంటే ఇంకా నవ్వుతారని, ఒక్కో పావూ ఏరి పెట్టెలో వేసి, మూత వేసి, రెండు చేతులతో ఆయనకి అందించాను. తీసుకున్నాడు. ఇంటికొచ్చాం. పెట్టె బీరువా మీద పెట్టాడు. ఆ సాయంత్రం దించలేదు. మర్నాడూ దించలేదు. పిలుస్తాడని నెలంతా చూశాను, ఏడాదంతా చూశాను. పెద్దవాళ్లు పిలవందే పిల్లలు పెట్టె దించే ఇల్లు కాదు మాది. ఇంతవరకూ పిలవలేదు.

ఓడిపోతున్నంతకాలమే నేను ఆయనకి కూతుర్ని. గెలిచిన రోజున కాకుండా పోయాను. పన్నెండేళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉంది. ఎవరితోనూ అనలేదు, అమ్మతో కూడా. పద్దెనిమిదేళ్లకి చెంగ్దూలో పని దొరికితే పండగ చేసుకుని వచ్చేశాను. ఇంటికెళ్తే ఆయన బస్సు ఆలస్యమైందా అంటాడు, నేను లేదంటాను. ఆ రెండు ముక్కలతో ఏడాది గడిచిపోతుంది.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. నాన్న నిన్ను కాదంటే నేను బతిమాలను. ఇక్కడే సంతకాలు చేసి పెళ్లి చేసుకుందాం. ఆ తర్వాత ఆ ఇంటి గడప తొక్కను. కోపంతో రాస్తున్న మాట కాదిది, చాలాకాలంగా అనుకుంటున్నదే. నిన్ను ఆయన ముందుకి పంపుతూ ఈ మాట దాచడం న్యాయం కాదని చెప్తున్నాను. నా నిర్ణయం మాత్రం అక్కడ బయటపెట్టకు. ఒట్టు.

యాలిన్


లూజౌ రేవు,
మార్చి 18

నా యాలిన్‌కి,

ముందు చెడ్డ వార్త. గుర్రాన్ని కొట్టేశాను.

తిట్టకు, పూర్తిగా చదివి తిట్టు. టీ దుకాణంలో ముప్పైమంది ఉన్నారు. పెళ్లికొడుకు వచ్చాడని పూ మామ ఊరంతా చాటాడట, ఒకాయన సగం గడ్డం గీయించుకుని సబ్బు నురగతోనే వచ్చి కూర్చున్నాడు. మీ నాన్నగారు గుర్రం తీయబోయారు. నేను మర్యాద చూపిద్దామని "వద్దండీ, ఉన్నా ఓడిపోతాను, లేకపోయినా ఓడిపోతాను" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వుకి నా బుర్రలో ఉన్న మూడు ఎత్తులూ కట్టగట్టుకుని నదిలో దూకాయి. చెయ్యి దానంతటదే వెళ్లి ఫిరంగిని పట్టుకుంది. ముట్టుకున్నాక ఆడాలి కదా, ఎదురుగా గుర్రం తప్ప ఇంకేమీ కనపడలేదు. కొట్టేశాను.

"వచ్చాడయ్యా గుర్రాల దొంగ!" అని పూ మామ తొడ చరిచాడు. "చోంగ్‌చింగ్ నుంచి పడవేసుకుని మరీ వచ్చాడు దొంగతనానికి!"

మీ నాన్నగారు రథంతో నా ఫిరంగిని తీసి, "తలుపు తీసినందుకు సంతోషం బాబూ" అన్నారు. పది నిమిషాల్లో నన్ను చుట్టేశారు. ఆయనే పావులు పేర్చారు. ఎరుపు నాకిచ్చారు. రెండో ఆటకి నీ ఉత్తరం గుర్తు తెచ్చుకున్నాను. ఫిరంగి నడిమికి, గుర్రం గెంతు, మూడో ఎత్తుకి రథం. ఆయన నా వంక ఒకసారి చూశారు. తర్వాత నా గుర్రం ఇరుక్కుంది. నాలో నేనే గొణుక్కున్నాను, కాస్త పైకే వచ్చినట్టుంది, "గడపలో పిల్లి పడుకుంది" అని.

ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఏమన్నావు?"

"ఏం లేదండీ. పిల్లిని లేపాలి" అని బంటుని ఒక అడుగు జరిపాను.

"ఎవరు చెప్పారు నీకా మాట?"

"యాలిన్ అండీ. ఈ మూడు ఎత్తులూ తనే నేర్పింది. నాన్న అనేవాడు, నాన్న అనేవాడు అని ఉత్తరం నిండా మీ మాటలే రాసింది."

ఆయన "ఊఁ" అన్నారు. ఒట్టు, అన్నారు. ఆ తర్వాత అరగంట ఆడించి ఓడించారు. గెలవడానికి అంతసేపు అక్కర్లేదని పూ మామే చెప్పాడు.

రాత్రి భోజనాల దగ్గర మీ అమ్మగారు ఊరగాయ జాడీ తీసుకుని సంతోషించారు. ఆవిడ కోటుకి నాలుగు నల్ల బొత్తాలు, ఒకటి తెల్లది. కొత్తది కొనిస్తానన్నాను. "కొత్తదెందుకు నాయనా, నాది ఆ బీరువా మీద పెట్టెలోనే ఉంది. పన్నెండేళ్లుగా ఇవ్వమంటున్నాను. ఆయన ఆ పెట్టె మూత తీయడు, నన్ను తీయనివ్వడు. ఆ పావులకి పుణ్యకాలం ఎప్పుడొస్తుందో!" అన్నారు. టీ దుకాణంలో ఆడింది దుకాణంవాళ్ల పావులతో అని నాకప్పుడు తట్టింది.

ధైర్యం చేసి పెళ్లి మాట అడిగాను. ఆయన చాప్‌స్టిక్స్ కింద పెట్టి, "తను సరేనందిగా. మధ్యలో నన్నడగడమెందుకు? నన్ను ఆటలోంచి ఎప్పుడో లేపేసింది" అన్నారు. అదేమిటండీ అన్నాను. "గెలిచింది. పావులు పేర్చకుండా పెట్టె మూసి చేతికిచ్చింది. ఇక నీతో నాకేం ఆట అని అర్థం. తప్పేముంది, నిజమే కదా. నేను కాటా మనిషిని, నాకు తూకం తెలుసు" అన్నారు. కోపంగా అంటే బాగుండేది, మామూలుగా అన్నారు.

యాలిన్, నీ మొదటి ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉంది. "గెలిచినవాళ్లే మళ్లీ పావులు పేర్చాలి, ఎరుపు ఓడినవాళ్లకివ్వాలి. ఇంకొక్క ఆట అని ఓడినవాడు బతిమాలడం సిగ్గుమాలిన పని." నువ్వే రాశావు, నీ చేత్తోనే. ఆయన ఓడినవాడు, అడగకూడదు. నువ్వు చిన్నదానివి, పెట్టె దించకూడదు. మీ ఇద్దరి మర్యాద మండిపోనూ!

నీ నిర్ణయం చెప్పలేదు, ఒట్టు నిలబెట్టుకున్నాను. కానీ చూసేవాడు నోరు మూసుకు కూర్చోవాలన్న నియమం నావల్ల కాలేదు. "తను మీరు పిలుస్తారని ఏడాదంతా చూసిందండీ. మీ పరువు పోతోందని భయపడి పెట్టె మూసింది. మీకు అందించేటప్పుడు తన చేతులు వణికాయట. ఆ తర్వాత ఎవరితోనూ ఆడలేదు" అనేశాను. ఆయన లేచి, తిన్న గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్లారు. ఒక్క గిన్నె కడగడానికి పావుగంట పట్టింది. మీ అమ్మగారు నాకు ఇంకాస్త అన్నం వడ్డించి, "తిను నాయనా. ఆయన ఇవాళ్టికింక మాట్లాడడు" అన్నారు.

ఇప్పుడు తిట్టు.

నీ గుర్రాల దొంగ
తింగ్షాన్


లూజౌ,
మార్చి 24

తల్లీ యాలిన్,

మీ అమ్మ చెప్తుంటే రాయడమే గాని, నాకుగా నేను ఉత్తరం రాసి ఎరగను. ఆరు రోజులుగా రాస్తున్నాను. ఇది నాలుగో కాగితం. మొదటి మూడూ బస్సు గురించి, బియ్యం ధర గురించి అయ్యాయి, చించేశాను.

ఆ ఆదివారం గుర్రం తీయనని పూతో అంత గట్టిగా ఎందుకన్నానో నీకు తెలియదు. నువ్వు నన్ను గెలుస్తావని నాకు అంతకు నెల ముందే తెలుసు. ఇంట్లో గెలిస్తే ఎవరు చూస్తారు? నలుగురిలో గెలవాలని అక్కడికి తీసుకెళ్లాను. కావాలని ఓడిపోలేదు సుమా, అలా ఎప్పుడూ అనుకోకు. నా శక్తికొద్దీ ఆడాను. నువ్వు నిజంగానే గెలిచావు. పూ నవ్వినప్పుడు, వీళ్లందరూ చూశారు, నా కూతురు నన్ను ఓడించింది అనుకున్నాను. నా జన్మలో అంతగా ఇంకెప్పుడూ గర్వపడలేదు. నా చెవులు సంతోషం వచ్చినా ఎర్రబడతాయి, మీ అమ్మనడుగు, పెళ్లిరోజున చూసింది. నీ వంక చూడలేదంటే, చూస్తే అందరి ముందూ ఏడుస్తానని.

నువ్వు పావులు పేరుస్తావు, మొదటిసారి ఎరుపు నాకిస్తావు అని టీ గిన్నె పక్కకి జరిపి చోటు చేసి కూర్చున్నాను. నువ్వు పెట్టె మూసి ఇచ్చావు. పిల్లకి నాతో ఆట చాలనిపించింది, నాకన్నా గట్టివాళ్లు కావాలి, పట్టుకు వేలాడకూడదు అనుకున్నాను. ఓడినవాడు అడగకూడదన్న నియమం చిన్నప్పటినుంచీ ఎముకల్లో ఉంది. కన్నకూతురి దగ్గర నియమమేమిటని ఒక్కసారి తట్టి ఉంటే బాగుండేది. తట్టలేదు. చిన్నపిల్లవి, చేతులు వణుకుతున్నాయి, అది చూడని కళ్లు ఎందుకు? తప్పు నాది. తూకంలో తప్పు చేయనని పేరు నాకు. ఇందులో పన్నెండేళ్లు తప్పు తూచాను.

నువ్వు ఆట మానేశావని ఆ అబ్బాయి చెప్తేనే తెలిసింది. చెంగ్దూలో పెద్ద పెద్దవాళ్లతో ఆడుతున్నావని అనుకుంటూ వచ్చాను. అది మాత్రం తట్టుకోలేకపోయాను.

అబ్బాయి సంగతి. మొదటి ఎత్తుకే గుర్రాన్ని దొంగిలించాడు. కానీ తప్పు చేశాక వెనక్కి తీసుకుంటానని అడగలేదు, నవ్వే జనంతో తనూ నవ్వాడు, రెండో ఆటకి కుదురుగా కూర్చున్నాడు. పడవవాడైతేనేం, రేవు ఎక్కడుందో తెలిసినవాడు. నాకిష్టమే. బట్టలు ఎప్పుడు కుట్టించాలో మీ అమ్మ అడుగుతోంది.

పెట్టె దించాను. దుమ్ము తుడిచాను. మూత తీయలేదు. మీ అమ్మ బొత్తాం కోసం చెయ్యి పెట్టబోతే ఆగమన్నాను. అది తీయాల్సింది నేను కాదు.

మీ నాన్న
యోంగ్‌తాయ్


చెంగ్దూ,
మార్చి 29

నాన్నా,

అరల ముందు నిలబడి నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఫోర్మన్ ఎవరో పోయారనుకుని అడగకుండానే మూడు రోజులు సెలవిచ్చాడు. ఎవరూ పోలేదని నేనూ చెప్పలేదు.

అరిగిపోయి పక్కన పడేసిన సీసం అక్షరాల్లో "బంటు" అన్న అక్షరం, పావు మీద ఉండేదే, ఒకటి దొరికింది. అడిగి తీసుకున్నాను. నల్లగానే ఉంది, మన బల్లకి సరిపోతుంది. అమ్మని బొత్తానికి సూదీ దారం సిద్ధంగా ఉంచుకోమను.

శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. టీ దుకాణంలో చోటు పట్టించు, పూ మామని కూడా రమ్మను. నేను పేరుస్తాను. ఎరుపు నీది.

గుర్రం తీయను.

నీ కూతురు
యాలిన్